సున్నాను నమ్మవచ్చా?

గ్యాస్ నిల్వచేసే ఏ ప్లాంటుకు వెళ్ళినా కంట్రోల్ రూమ్ గోడమీద ఒక తెర ఉంటుంది. ఆవరణలో అక్కడక్కడా బిగించిన గ్యాస్ డిటెక్టర్లు ఎంతెంత చూపిస్తున్నాయో ఆ తెరమీద వరసగా కనిపిస్తుంది. మామూలు రోజుల్లో అన్నీ సున్నాలే. సున్నాలు చూస్తే షిఫ్టులో ఉన్నవాళ్ళకు నిశ్చింత. కాని ఆ సున్నా రావడానికి రెండు కారణాలుండొచ్చు. అక్కడ నిజంగానే గ్యాస్ లేకపోవచ్చు. లేదా గ్యాస్‌ను పసిగట్టే శక్తిని సెన్సర్ ఎప్పుడో పోగొట్టుకుని ఉండొచ్చు. తెరమీద ఈ రెండూ ఒకేలా కనబడతాయి.

మన ప్రాణాలకు కాపలా పెట్టిన పరికరాలన్నిటిలోనూ ఈ చిక్కు ఉంది. తూకం రాయి అరిగిపోతే కొనేవాడో అమ్మేవాడో ఎప్పుడో ఒకప్పుడు గమనిస్తాడు. గ్యాస్ సెన్సర్ సంగతి అలా కాదు. ఏళ్ళ తరబడి దానికి పని ఉండదు, పనిపడిన రోజున సరిచూసుకునే తీరిక ఉండదు. అందుకే సెన్సర్‌ను కనిపెట్టడం ఎంత గొప్ప విజయమో, అది ఇంకా పనిచేస్తోందని రోజూ రుజువు చేసే పద్ధతిని కనిపెట్టడం కూడా అంత గొప్ప విజయమే. ఆ రెండో విజయం గురించే ఈ అధ్యాయం.

తన క్షేమం తానే చెప్పిన దీపం

1815లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ గని కార్మికుల కోసం ఒక దీపం తయారుచేశాడు. మంట చుట్టూ సన్నని తీగల జాలీ ఉంటుంది. లోపలి మంట వేడిని ఆ జాలీ లాగేసుకుంటుంది కాబట్టి బయటి మీథేన్ అంటుకోదు. కార్మికులు త్వరలోనే దానికి ఇంకో ఉపయోగం ఉందని గమనించారు. గాలిలో మీథేన్ ఉంటే మంట చుట్టూ లేత నీలిరంగు టోపీ ఏర్పడుతుంది. దాని ఎత్తును బట్టి అనుభవమున్నవాడు మీథేన్ శాతం చెప్పగలిగేవాడు. ప్రాణవాయువు తగ్గితే దీపం కొడిగట్టేది. మన దేశపు బొగ్గుగనుల్లో కూడా ఈ సేఫ్టీ ల్యాంపు తరతరాల పాటు వెలిగింది.

1890లలో జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త గని ప్రమాదాల్లో చనిపోయినవారిని పరిశీలించి, చాలామంది పేలుడు వల్ల కాక ఆ తర్వాత పుట్టిన కార్బన్ మోనాక్సైడ్ వల్ల ప్రాణాలు పోగొట్టుకున్నారని తేల్చాడు. మనిషికంటే ముందే ఆ విషవాయువు సోకే చిన్న ప్రాణిని వెంట తీసుకుపోవాలని సలహా ఇచ్చాడు. అలా కెనరీ పిట్టలు గనుల్లోకి దిగాయి. బ్రిటన్‌లో వాటిని మానిపించి ఎలక్ట్రానిక్ పరికరాలు పెట్టాలన్న నిర్ణయం 1986లో గాని రాలేదు.

దీపానికీ పిట్టకూ ఉన్న ఒక సుగుణం మీద మనం కాసేపు ఆగాలి. రెండూ తమ ఆరోగ్యాన్ని క్షణక్షణం చూపిస్తూనే ఉంటాయి. మంట వెలుగుతోందంటే దీపం పనిచేస్తున్నట్టే. పిట్ట కొమ్మమీద కదులుతోందంటే పంజరంలో సెన్సర్ బతికున్నట్టే. గాలి బాగుందన్న కబురు, కబురు చెప్పేది క్షేమంగా ఉందన్న కబురు కలిసే వచ్చేవి. ఎలక్ట్రానిక్ సెన్సర్లతో కచ్చితత్వం ఎంతో పెరిగింది. కాని ఆ రెండు కబుర్లూ విడిపోయాయి. మళ్ళీ వాటిని కలపడానికి ఇంజనీర్లు పడిన ప్రయాసే ఆటోమేటిక్ కాలిబ్రేషన్ కథ.

విషమెక్కిన పూస

1950ల చివర్లో బ్రిటన్‌లోని గనుల భద్రతా పరిశోధన సంస్థలో ఆలన్ బేకర్ పెల్లిస్టర్ అనే సెన్సర్‌ను రూపొందించాడు. ఈనాటికీ చమురు శుద్ధి కర్మాగారాల్లో, ఎల్‌పీజీ బాట్లింగ్ ప్లాంట్లలో, గనుల్లో అది కనిపిస్తుంది. అందులో ఆవగింజ ప్రమాణంలో రెండు పింగాణీ పూసలుంటాయి. ఒక్కో పూసలో సన్నని ప్లాటినం తీగ చుట్ట ఉంటుంది. కరెంటు పంపితే పూస సుమారు 500 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది. ఒక పూసకు పల్లాడియంలాంటి ఉత్ప్రేరకం పూస్తారు. రెండోదానికి పూయరు. మండే గ్యాస్ ఏదైనా తగిలితే ఉత్ప్రేరకమున్న పూసమీద అది మంట లేకుండానే మండి, పూసను ఇంకాస్త వేడెక్కిస్తుంది. వేడెక్కిన ప్లాటినం తీగ విద్యుత్ నిరోధం పెరుగుతుంది. రెండు పూసల నిరోధాల మధ్య తేడాయే గ్యాస్ కొలత. గ్యాస్ లేనప్పుడు రెండూ సమానం, తేడా సున్నా.

ఇప్పుడు ఆ దగ్గర్లో ఎవరో సిలికోన్ సీలెంటు వాడారనుకుందాం. లేదా సిలికోన్ కలిసిన లూబ్రికెంట్ స్ప్రే కొట్టారనుకుందాం. ఆ ఆవిరి వేడి పూసమీద కాలి, సన్నని సిలికా పొరగా మిగిలిపోతుంది. గ్యాస్ అణువులు ఇక ఉత్ప్రేరకాన్ని చేరలేవు. సీసపు సమ్మేళనాలు కూడా ఇలాంటి హానే చేస్తాయి. పూస వేడిగానే ఉంది. కరెంటు నడుస్తూనే ఉంది. రెండు పూసల నిరోధాలూ సమానంగానే ఉన్నాయి. తెరమీద చక్కని సున్నా. పక్కన గ్యాస్ కారుతున్నా ఆ సున్నా కదలదు.

దీనికి తోడు పెల్లిస్టర్‌కు మండించడానికి ప్రాణవాయువు కావాలి. గ్యాస్ మరీ ఎక్కువైపోయి గాలిని తోసేస్తే మండటం తగ్గిపోయి కొలత దిగిపోతుంది. అంటే ప్రమాదం బాగా ముదిరినచోట అంకె చిన్నదిగా కనిపించే వీలుంది. అందుకే మంచి పరికరాలు కొలత ఒకసారి హద్దు దాటితే అలారాన్ని అక్కడే బిగపట్టి ఉంచుతాయి. మనిషి వచ్చి చూసి విడుదల చేస్తేనే అది ఆగుతుంది.

మిగతా జాతుల సెన్సర్లకు కూడా ముసలితనం తప్పదు. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్‌లను కొలిచే ఎలక్ట్రోకెమికల్ సెన్సర్లలో సాధారణంగా సల్ఫ్యూరిక్ ఆమ్లపు ద్రావణం ఉంటుంది. అది చుట్టూ ఉన్న గాలితో నీటి ఆవిరిని ఇచ్చిపుచ్చుకుంటూ ఉంటుంది. రామగుండంలాంటిచోట మే నెల పొడి వేడిలో దానికి నీరు తగ్గుతుంది. సముద్రతీరపు ముసురులో నీరు పెరుగుతుంది. రెండూ దాని చురుకును మారుస్తాయి. 1960లలో జపాన్‌లో నవోయోషి తాగుచి రూపొందించిన టిన్ ఆక్సైడ్ సెన్సర్లు చవక. ఇళ్ళలో పెట్టుకునే గ్యాస్ అలారాలు ఎక్కువగా ఆ కోవవే. అయితే గాలిలో తేమ మారినా, వేడి మారినా వాటి అంకె మారుతుంది. సెన్సర్ మెల్లమెల్లగా ఇలా దారి తప్పడాన్ని ఆ రంగంలోనివాళ్ళు డ్రిఫ్ట్ అంటారు.

సున్నాకు కూడా కొంత కరెంటు

పరిశ్రమల్లో సెన్సర్ నుంచి కంట్రోల్ రూమ్‌కు కొలతను మోసుకుపోయే తీగలో ఒక తెలివైన ఏర్పాటు ఉంది. సున్నా గ్యాస్‌కు 4 మిల్లీ ఆంపియర్ల కరెంటు, పూర్తి కొలతకు 20 మిల్లీ ఆంపియర్లు. సున్నాకు సున్నా కరెంటే పెట్టొచ్చుగా? పెడితే తీగ తెగినా, కరెంటు పోయినా, ఎలుక కొరికినా కంట్రోల్ రూమ్‌లో కనిపించేది సున్నాయే. సున్నాకు 4 పెట్టారు కాబట్టి, తీగలో ఏమీ రాకపోతే గ్యాస్ లేదని అనుకునే ప్రసక్తే లేదు. అది లోపం కిందికి వస్తుంది. 3.6 మిల్లీ ఆంపియర్లకు దిగితే చాలు, ప్యానెల్ మీద ఫాల్ట్ దీపం వెలుగుతుంది. డేవీ దీపంలో వెలుగుతూ ఉండే మంటకు ఇది విద్యుత్ రూపం.

కాని ఇది తీగకు ఇచ్చిన భరోసా. తీగ చివరనున్న పూసకు కాదు. విషమెక్కిన పూస కూడా నిక్కచ్చిగా 4 మిల్లీ ఆంపియర్లే పంపుతుంది. పూస సంగతి తేలాలంటే దానికి గ్యాస్ చూపించడమొక్కటే మార్గం.

రెండు బిందువులు, ఒక గీత

కాలిబ్రేషన్ అంటే సెన్సర్‌ను రెండు ప్రశ్నలు అడగడం. మొదట శుభ్రమైన గాలి చూపించి, ఇది సున్నా అని చెప్పాలి. తర్వాత ఎంత గ్యాస్ ఉందో ముందే కచ్చితంగా తెలిసిన సిలిండర్ నుంచి గ్యాస్ పంపి, ఇది ఇంత అని చెప్పాలి. మొదటిదాన్ని జీరో అనీ రెండోదాన్ని స్పాన్ అనీ అంటారు. ఈ రెండు బిందువులను కలిపే గీతే ఇకనుంచి సెన్సర్ మాటకు అర్థం చెబుతుంది.

అంకెలతో చూద్దాం. గాలిలో మీథేన్ సుమారు 5 శాతానికి చేరితే నిప్పు తగలగానే పేలుతుంది. ఆ హద్దును 100గా తీసుకుని దానిలో ఎన్నో వంతు ఉందో డిటెక్టర్లు చూపిస్తాయి. దాన్నే ఎల్‌ఈఎల్ శాతం అంటారు. 50 శాతం ఎల్‌ఈఎల్ గ్యాస్ పంపితే 4కూ 20కీ నడుమ, అంటే 12 మిల్లీ ఆంపియర్లు రావాలి. పాతబడిన సెన్సర్ 10.4 మాత్రమే ఇచ్చిందనుకుందాం. రావలసిన పెరుగుదల 8, వచ్చింది 6.4. చురుకు 80 శాతానికి పడిపోయిందన్నమాట. ఇలాగే వదిలేస్తే, 20 శాతం దగ్గర మోగాలని పెట్టిన అలారం నిజంగా 25 శాతం చేరేదాకా మోగదు. కాలిబ్రేషన్ చేసే పని వచ్చిన పెరుగుదలను 1.25తో గుణించడమే. లెక్క ఇంతే. దాని విలువంతా సిలిండర్‌లోని గ్యాస్ నిజాయితీ మీద ఆధారపడి ఉంది. ఏ గ్యాస్‌తో సరిచేశారన్నది కూడా ముఖ్యమే. మీథేన్‌తో సరిచేసిన పెల్లిస్టర్ ప్రొపేన్ కారితే ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఎల్‌పీజీ ఉన్నచోట దానికి తగిన దిద్దుబాటు చేసుకోకపోతే అలారం ఆలస్యమవుతుంది.

ఇంతకంటే చిన్న పరీక్ష బంప్ టెస్ట్. దిద్దుబాటు ఏమీ చేయకుండా కొద్ది క్షణాలు గ్యాస్ చూపించి, అలారం మోగుతోందా లేదా అని చూడటం. మ్యాన్‌హోళ్ళలోకి, ట్యాంకుల్లోకి దిగేవాళ్ళు చొక్కాకు తగిలించుకునే చిన్న డిటెక్టర్‌ను దిగే ముందు ప్రతిరోజూ ఇలా పరీక్షించాలని భద్రతా నిపుణులు గట్టిగా చెబుతారు. హైడ్రోజన్ సల్ఫైడ్ దగ్గర ఇది ప్రాణం మీది విషయం. కుళ్ళిన గుడ్డు వాసన వేసే ఆ వాయువు 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో 100 వంతులు) దాటేసరికి ముక్కునే మొద్దుబారుస్తుంది. వాసన ఆగిపోవడంతో గండం గడిచిందనుకున్న మనిషి అక్కడే కూలిపోతాడు.

ఈ పరీక్షలను ఇప్పుడు యంత్రాలే చేస్తున్నాయి. షిఫ్టు అయ్యాక డిటెక్టర్‌ను డాకింగ్ స్టేషన్‌లో పెడితే అది తానే సిలిండర్ వాల్వు తెరిచి గ్యాస్ పంపుతుంది, స్పందన కొలుస్తుంది, దిద్దుతుంది, ఫలితం రాసిపెడుతుంది. దిద్దుబాటు ఒక హద్దు దాటాల్సి వస్తే సెన్సర్ మార్చమంటుంది. హైదరాబాద్ సనత్‌నగర్‌లో ఉన్నలాంటి వాయు నాణ్యత కేంద్రాల్లో కూడా విశ్లేషణ యంత్రాలు నిర్ణీత వేళల్లో బయటి గాలిని ఆపి, శుభ్రమైన గాలినీ తెలిసిన గ్యాస్‌నూ పీల్చి తమను తాము సరిచూసుకుంటాయి.

పరారుణ కాంతితో పనిచేసే డిటెక్టర్లు ఇంకో అడుగు ముందుకు వేశాయి. అవి గాలి గుండా రెండు రంగుల పరారుణ కాంతిని పంపుతాయి. ఒకదాన్ని మీథేన్, ప్రొపేన్‌లాంటివి పీల్చుకుంటాయి. రెండోదాన్ని ముట్టుకోవు. మొదటిది ఒక్కటే తగ్గితే గ్యాస్ ఉన్నట్టు. రెండూ కలిసి తగ్గితే అద్దానికి దుమ్ము పట్టినట్టు, లేదా దీపం పాతబడినట్టు. పెల్లిస్టర్ చేయలేకపోయిన పని ఇది చేస్తుంది. గుడ్డిదైపోతున్నప్పుడు ఆ మాట తానే చెబుతుంది.

మౌనా లోవా పాఠం

ఆటోమేటిక్ కాలిబ్రేషన్‌ను లోతుగా అర్థం చేసుకోవాలంటే హవాయి దీవుల్లోని మౌనా లోవా పర్వతం దగ్గరికి వెళ్ళాలి. 1958 మార్చిలో చార్లెస్ డేవిడ్ కీలింగ్ అక్కడ పరారుణ కాంతితో కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే యంత్రాన్ని నడపడం మొదలుపెట్టాడు. మొదటి అంకె 313 పీపీఎం. పది లక్షల గాలి అణువుల్లో 313 అన్నమాట. అతను పట్టుకోదలచిన మార్పు ఏడాదికి ఒక పీపీఎం అటూ ఇటూ. యంత్రం డ్రిఫ్ట్ దానికంటే సులువుగా పెద్దదవుతుంది.

కీలింగ్ యంత్రాన్ని నమ్మలేదు. గాలిని కొలుస్తున్న యంత్రానికి గంటగంటకీ మధ్యలో సిలిండర్లోని ప్రామాణిక గ్యాస్ పంపే ఏర్పాటు చేశాడు. ఆ సిలిండర్లను కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థలో మానోమీటర్‌తో, అంటే పీడనం, ఘనపరిమాణం, ఉష్ణోగ్రతలాంటి మూల కొలతలతో సరిచూశాడు. ఆ పట్టుదల వల్లే మొక్కలు చిగురించి రాలే లయకు తగ్గట్టు ఏటా కార్బన్ డయాక్సైడ్ హెచ్చుతగ్గులవుతోందని బయటపడింది. ఏడాదికేడాది మొత్తం పెరుగుతోందనీ తేలింది. ఇప్పుడది 420 దాటింది. వాతావరణ మార్పుకు మనకున్న బలమైన సాక్ష్యాల్లో ఇదొకటి.

ఇక మన గదుల్లోకి వద్దాం. కోవిడ్ తర్వాత తరగతి గదుల్లో, ఆఫీసుల్లో గాలి ఆడుతోందా లేదా చూడటానికి చిన్న కార్బన్ డయాక్సైడ్ మీటర్లు విరివిగా వాడకంలోకి వచ్చాయి. వాటికి సిలిండర్లు పెట్టడం కుదరదు. కాబట్టి తయారీదారులు ఒక ఊహ ఆధారంగా సాఫ్ట్‌వేర్ రాశారు. గది వారంలో ఒక్కసారైనా ఖాళీగా ఉండి బయటి గాలితో నిండుతుంది, అప్పుడు కొలత 400 పీపీఎం దగ్గరుంటుంది అన్నది ఆ ఊహ. మీటర్ వారం పొడుగునా తాను చూసిన కనిష్ఠాన్ని గుర్తుపెట్టుకుని, దాన్ని 400గా భావించి మిగతా కొలతలన్నిటినీ జరుపుతుంది. ఆటోమేటిక్ బేస్‌లైన్ కరెక్షన్ అంటే ఇదే. రాత్రిళ్ళు, ఆదివారాలు మూసి ఉండే బడికి ఇది చక్కగా సరిపోతుంది.

మూడు షిఫ్టులూ నడిచే ఆఫీసులో, మంచాలు ఎప్పుడూ ఖాళీ కాని ఆసుపత్రి వార్డులో, పుట్టగొడుగులు పెంచే గదిలో ఆ ఊహ కూలిపోతుంది. అక్కడ వారం మొత్తంలో కనిష్ఠం 700 అయితే మీటర్ దాన్నే 400 అనుకుంటుంది. 1,500 ఉన్నప్పుడు 1,200 చూపిస్తుంది. ఉక్కపోసిన గాలికి మంచి మార్కులు వేస్తుంది.

వంటింట్లో తిరగమోత వేసినప్పుడు వీధిలోంచి వచ్చినవాడికి ఆ ఘాటు గుప్పున తగులుతుంది. పొయ్యి దగ్గరున్నవాళ్ళకు కాసేపటికే తెలియకుండా పోతుంది. ముక్కు ఎప్పటికప్పుడు తన సున్నాను జరుపుకుంటూ ఉంటుంది. స్వయంగా దిద్దుకునే సెన్సర్ చేసేదీ అదే. కొత్తగా, హఠాత్తుగా వచ్చినదాన్ని అది బాగా పట్టుకుంటుంది. మెల్లగా వచ్చి తిష్ఠవేసినదానికి అలవాటుపడిపోతుంది.

కీలింగ్ యంత్రంలో ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఉండి ఉంటే ఏమయ్యేది? ప్రతి వారం తాను చూసిన కనిష్ఠాన్ని 313 అనుకుని సరిదిద్దుకుంటూ పోయేది. అరవై ఏళ్ళకు పైగా సాగిన పెరుగుదల ఎక్కడా కనబడేది కాదు. కాగితం మీద ఒక అడ్డగీత మిగిలేది. యంత్రం చెడిపోకుండా, ప్రతి వారం క్రమం తప్పకుండా కాలిబ్రేట్ అవుతూ, మానవజాతికి తెలియవలసిన విషయాన్ని తుడిచేసి ఉండేది. తన జ్ఞాపకాన్నే ఆధారంగా పెట్టుకుని దిద్దుకునే పరికరం తనతో తాను ఏకీభవించగలదు, అంతే. నిజంతో ఏకీభవించాలంటే బయటి సాక్షి కావాలి.

పొగ, దుమ్ము, కాలం

పొగ సెన్సర్ పుట్టుకే ఒక విఫల ప్రయోగం. 1930లలో స్విట్జర్లాండ్‌కు చెందిన భౌతిక శాస్త్రవేత్త వాల్టర్ యేగర్ విషవాయువును పట్టే పరికరం కోసం ప్రయత్నించాడు. రేడియోధార్మిక కిరణాలతో గాలిని అయనీకరించి, అందులో ప్రవహించే చిన్న కరెంటు విషవాయువు రాగానే మారుతుందని ఆశించాడు. మారలేదు. విసిగి సిగరెట్ వెలిగిస్తే కరెంటు పడిపోయింది. విషవాయువు చేయలేని పని పొగ కణాలు చేశాయి. ఆ దారిలోనే తర్వాత ఎర్నెస్ట్ మైలీ వంటివారు అయనీకరణ పొగ డిటెక్టర్‌ను రూపొందించారు. తర్వాతికాలపు డిటెక్టర్లలో అమెరీషియం-241 రవ్వంత ఉంటుంది. దాని అర్ధాయుష్షు 432 సంవత్సరాలు. రేడియోధార్మికత పెద్దగా తగ్గదు గాని దుమ్ము, తేమ, పురుగులు డిటెక్టర్ లోపలి గదిని ముందే పాడుచేస్తాయి.

ఇప్పుడు ఆఫీసుల్లో, హోటళ్ళలో, ఆసుపత్రుల్లో పైకప్పుకు కనిపించేవి ఎక్కువగా కాంతితో పనిచేసేవి. నల్లటి చిన్న గదిలో ఒక ఎల్‌ఈడీ వెలుగుతుంటుంది. కాంతిని పట్టే కన్ను దానికి ఎదురుగా కాకుండా పక్కకు ఉంటుంది. పొగ చొరబడితే కణాలమీద పడి చెదిరిన వెలుగు ఆ కన్నును చేరుతుంది. దుమ్ము చేరినా అదే జరుగుతుంది. ఉదాహరణకు శుభ్రంగా ఉన్నప్పుడు సంకేతం 50, అలారం 100 దగ్గర అనుకుందాం. దుమ్ము పేరుకుని సంకేతం 80కి చేరితే, చిన్నపాటి అగరొత్తుల పొగకే అలారం మోగుతుంది. రెండు మూడుసార్లు ఉత్తినే మోగిన అలారాన్ని నాలుగోసారి ఎవరూ పట్టించుకోరు. చివరికి ఎవరో దాని నోరు నొక్కేస్తారు. అనవసరంగా మోగడం కూడా మోగకపోవడమంత ప్రమాదకరమే.

ఇక్కడ ఇంజనీర్లకు కాలమే ఆసరా అయింది. దుమ్ము పేరుకోవడానికి నెలలు పడుతుంది. మంట లేవడానికి నిమిషాలు చాలు. కాబట్టి ప్యానెల్ ఒక్కో డిటెక్టర్ సంకేతానికి దీర్ఘకాలపు సగటు లెక్కవేస్తూ, ఆ సగటుతో పాటు అలారం గీతను కూడా మెల్లగా జరుపుతుంది. శుభ్రమైన సంకేతం 70 అయితే అలారం 120 దగ్గర. నడుమనున్న 50 మాత్రం మారదు.

అయితే దుమ్ములాగే మెల్లగా వచ్చే నిప్పులు కూడా ఉన్నాయి. గుంటూరు, ఆదిలాబాద్ ప్రాంతాల్లో పత్తి బేళ్ళ గోడౌన్ల సంగతి తెలిసినవారికి ఇది చెప్పనక్కర్లేదు. బేలు నడుమ పడిన నిప్పురవ్వ గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి రాజుకుంటూ ఉంటుంది. అలారం గీత మరీ తొందరగా జరిగే పక్షంలో ఆ పొగను కూడా దుమ్ము ఖాతాలో జమకట్టేస్తుంది. అందుకే దిద్దుబాటు వేగానికీ, మొత్తం దిద్దుబాటుకూ హద్దులు పెడతారు. హద్దు చేరగానే డిటెక్టర్ ఇక తనను తాను సర్దుకోదు. శుభ్రం చేయమని ప్యానెల్ మీద సందేశం పంపుతుంది. ఎంతవరకు దిద్దుకోవాలో, ఎక్కడ ఆగి మనిషిని పిలవాలో తెలిసి ఉండటమే మంచి ఆటోమేటిక్ వ్యవస్థ లక్షణం.

ఇందులోనే ఇంకో అందమైన విషయం ఉంది. నల్లటి గది గోడలు ఎంత నల్లగా ఉన్నా కాస్త వెలుగు చెదిరి కన్నును చేరుతూనే ఉంటుంది. ఒకప్పుడు దీన్ని లోపంగా భావించేవారు. ఇప్పుడది ప్రాణనాడి. ఆ కాస్త వెలుగు కూడా రావడం లేదంటే ఎల్‌ఈడీ ఆరిపోయినట్టు, లేదా కన్ను మూతపడినట్టు. 4 మిల్లీ ఆంపియర్ల తంత్రం ఇక్కడ వెలుగు రూపంలో మళ్ళీ కనిపిస్తుంది.

కొలత కదలకపోతే

2005 డిసెంబర్ 11 తెల్లవారుజామున ఇంగ్లండులోని బన్స్‌ఫీల్డ్ చమురు నిల్వ కేంద్రంలో 912 నంబరు ట్యాంకులోకి పెట్రోలు నింపుతున్నారు. సుమారు 3 గంటలకు ట్యాంకు మట్టం చూపే కొలమానం ఒక అంకె దగ్గర నిలిచిపోయింది. పైపులో పెట్రోలు వస్తూనే ఉంది. అతిగా నిండితే ప్రవాహాన్ని ఆపవలసిన మరో స్విచ్ కూడా పనిచేయలేదు. ట్యాంకు పొంగి, పెట్రోలు ఆవిరి మేఘంలా పరుచుకుని, 6 గంటలకు పేలింది.

పెట్రోలు లోపలికి వస్తోందని ఒక కొలత, మట్టం పెరగడం లేదని ఇంకో కొలత. రెండూ నిజం కాలేవు. రెండింటినీ పక్కపక్కన పెట్టి ప్రశ్నించే ఏర్పాటు లేదు. మానిటరింగ్ అంటే అంకెలను తెరమీద చూపించడంతో సరిపోదు. ఆ అంకెలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా అని అడగాలి. ప్రకృతిలో ఏ కొలతా గంటల తరబడి చివరి దశాంశం దాకా ఒకేలా ఉండదు. గాలి కదులుతుంది, ఎండ మారుతుంది, సెన్సర్‌లో సహజంగానే చిన్న వణుకు ఉంటుంది. ఆ వణుకు ఆగిపోతే సెన్సర్ ఊపిరి ఆగిందేమోనని అనుమానించాలి. దగ్గర దగ్గరగా ఉన్న పది సెన్సర్లలో తొమ్మిది కలిసి పైకీ కిందికీ కదులుతూ పదోది మాత్రం కదలకపోతే, దాని దగ్గరికి మనిషిని పంపాలి.

మన దేశపు విషాదాలు ఈ పాఠాన్ని ఇంకా కఠినంగా చెప్పాయి. 1984 డిసెంబర్ 2 రాత్రి భోపాల్‌లో కార్మికులకు విషవాయువు లీకు సంగతి మొదట తెలిసింది కళ్ళ మంటతో. ట్యాంకు పీడనం పెరిగినట్టు కంట్రోల్ రూమ్‌లో కనిపించినా, కొలమానాల మీద నమ్మకం సడలిన ఆ ప్లాంటులో దాన్ని వెంటనే ప్రమాద సూచనగా తీసుకోలేదు. తరచూ తప్పు చెప్పే పరికరం నిజం చెప్పిన రోజున కూడా దాని మాట చెల్లదు.

2020 మే 7న విశాఖపట్నంలోని ఎల్‌జీ పాలిమర్స్ నుంచి వెలువడిన స్టైరీన్ ఆవిరి 12 మంది ప్రాణాలు తీసింది. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ ఎత్తిచూపిన లోపాల్లో ఒకటి, ఆ ట్యాంకు ఉష్ణోగ్రతను అడుగున మాత్రమే కొలవడం. పై పొరల్లో స్టైరీన్ వేడెక్కి గొలుసుకట్టు చర్య ముదురుతుంటే అడుగునున్న సెన్సర్ తన దగ్గరి చల్లదనాన్ని మాత్రమే చెప్పగలదు. దాన్ని ఎంత చక్కగా కాలిబ్రేట్ చేసినా అది చూడని చోటు గురించి ఏమీ చెప్పలేదు. ఎల్‌పీజీ గాలికంటే బరువు కాబట్టి దాని డిటెక్టర్ నేలకు దగ్గరగా, పైపులైను వంటగ్యాస్‌లోని మీథేన్ తేలిక కాబట్టి దాని డిటెక్టర్ పైకప్పుకు దగ్గరగా ఉండాలన్నది కూడా ఈ సూత్రమే. చోటు తప్పితే కచ్చితత్వం అక్కరకు రాదు.

అంకె పక్కన తేదీ

ఇంట్లో గ్యాస్ అలారం, పొగ అలారం పెట్టుకున్నవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. దానిమీదుండే టెస్ట్ బటన్ ముఖ్యంగా సర్క్యూట్, బ్యాటరీ, హారన్ పనిచేస్తున్నాయా అన్నదే చెబుతుంది. లోపలి సెన్సర్ గ్యాస్‌ను పసిగడుతోందా అన్నది చాలా గ్యాస్ అలారాల్లో దానివల్ల తేలదు. సిగరెట్ లైటర్ గ్యాస్ వదిలి చూడటం కూడా మంచిది కాదు. అందులో గ్యాస్ ఎంతో తెలియదు, పైగా ఆ ఘాటైన మోతాదు సెన్సర్‌ను దెబ్బతీయవచ్చు. తయారీదారు రాసిన గడువు తేదీని గౌరవించి, ఆ తేదీకి మార్చేయడమే మేలు.

పరిశ్రమల్లో, గనుల్లో చేయాల్సింది ఇంకా ఎక్కువ. సింగరేణి గనులతో సహా మన బొగ్గుగనులన్నిటికీ వర్తించే నిబంధనల ప్రకారం మీథేన్ 1.25 శాతం దాటినచోట కరెంటు ఆపి మనుషులను బయటికి పంపాలి. అంత సన్నని గీత మీద మనుషుల ప్రాణాలు ఆధారపడినప్పుడు, ఆ అంకెను చూపిన సెన్సర్ చివరిసారి నిజమైన గ్యాస్‌ను ఎప్పుడు చూసిందో తెలుసుకునే హక్కు కింద పనిచేసేవాడికి ఉంది.

యంత్రం స్వయంగా కాలిబ్రేట్ చేసుకుంటుంది కాబట్టి మనిషితో పనిలేదనే మాట ఈమధ్య ఎక్కువగా వినిపిస్తోంది. దీపం నుంచి డాకింగ్ స్టేషన్ దాకా చూసిన చరిత్ర వేరే మాట చెబుతోంది. ఆటోమేటిక్ కాలిబ్రేషన్ మనిషి మరపునూ బద్ధకాన్నీ పూరిస్తుంది, రోజూ చేయాల్సిన పనిని రోజూ చేస్తుంది. అది అమూల్యం. కాని ఏది శుభ్రమైన గాలో, ఏ సిలిండర్‌ను నమ్మాలో, ఎంత దిద్దుబాటు దాటితే ఆపేయాలో, సెన్సర్‌ను ఎక్కడ పెట్టాలో నిర్ణయించింది మనుషులే. ఆ నిర్ణయాల్లో ఏది తప్పినా యంత్రం ఆ తప్పును క్రమం తప్పకుండా, అలుపు లేకుండా పాటిస్తుంది.

కాబట్టి ప్రతి గ్యాస్ తెరమీదా కొలత పక్కనే మరో రెండు వివరాలు కనబడాలని కోరాలి: ఈ సెన్సర్ చివరిసారి పరీక్ష గ్యాస్‌కు స్పందించిన తేదీ, ఆ పరీక్షకు వాడిన గ్యాస్ పేరు. పొగ డిటెక్టర్ల ప్యానెల్‌లో అయితే ఒక్కో డిటెక్టర్ ఇప్పటికి ఎంత దిద్దుబాటు వాడుకుందో, ఇంకెంత మిగిలిందో కనబడాలి. ఈ సమాచారం ఆధునిక పరికరాల్లో చాలావాటి జ్ఞాపకంలో ఇప్పటికే ఉంది. దాన్ని లోపల దాచిపెట్టకుండా షిఫ్టులోకి వచ్చే ప్రతి కార్మికుడి కంటికీ ఆనేలా పెట్టడానికి పెద్ద ఖర్చు కాదు. నిన్న గ్యాస్‌ను గుర్తించిన సెన్సర్ ఈరోజు సున్నా చూపిస్తే దాన్ని నమ్మడానికి ఆధారముంది. ఏడాదిగా గ్యాస్ మొహం చూడని సెన్సర్ సున్నా చూపిస్తే అది ఇంకా తేలని ప్రశ్నే. దాన్ని ప్రశ్నగానే భావించి, సిలిండర్ తీసుకుని దాని దగ్గరికి వెళ్ళాలి.